వాయించేవాళ్ళ కోసం చిక్కడపల్లికి

మా జనగామ నుంచి జనం హైదరాబాదుకు ఆస్పత్రి పని మీద వెళతారు, పెళ్ళిబట్టల కోసం వెళతారు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి వెళతారు. నేను మనుషుల్ని ఏరుకురావడానికి వెళ్ళాను. వాయించే మనుషుల్ని. ఒక తబలా, ఒక గిటారు, దొరికితే ఒక డోలక్. హార్మోనియం నా దగ్గరుంది. ఇదే పని మీద ఎవరైనా బయలుదేరేటట్లుంటే నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కారణం చెప్పాలి. మా ఊరి గ్రంథాలయం హాల్లో నెలకోసారి పాటల సాయంత్రం జరుగుతుంది. పోయినసారి ఒక పెద్దమనిషి ఫోనులో కరోకే ట్రాక్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రేమగీతం అందుకున్నారు. చరణం సగంలో ఉండగా ఆ ఫోనుకే కాల్ వచ్చింది, ఆయన వేలు తగిలి కలిసింది కూడా. ఫోను స్పీకర్లకు కలిపి ఉంది కదా, తబలా ఆగింది, వయొలిన్లు ఆగాయి, "ఏడ సచ్చినవ్? కరివేపాకు తెమ్మని పంపితే పొద్దుమీకిపాయె!" అని వాళ్ళావిడ గొంతు హాలంతా మోగింది. ఆయన అలవాటుకొద్దీ ఇంకో లైను పాడేశారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరును. పేరు భాగ్యమ్మ. నా సంగీతం పీరియడును లెక్కల సారు అప్పు తీసుకుంటాడు, తిరిగివ్వడు. ఆ ఖాళీలో కూర్చుని నేను పాటలు కట్టుకున్నాను. బస్టాండులో పోయిన గొడుగు మీద ఒకటి, రేషన్ షాపు వరస మీద ఒకటి, ఇలా. ఇన్నేళ్ళలో వాటికి ఒక్క దరువు తోడు పడలేదు. కరివేపాకు జరిగిన రోజు నాకు ఒళ్ళు మండి, గ్రంథాలయ కార్యదర్శి రాజలింగం సారు దగ్గరికి వెళ్ళి, ఒక సాయంత్రం నాకివ్వండి, మనుషులే వాయిస్తారు, మనిషే పాడుతుంది, ఫోన్లన్నీ బయట పెట్టిస్తాను అన్నాను.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "వచ్చే నెల పూట ఇస్త టీచరమ్మా. గని ఆదివారం లోపల వాయించేటోళ్ళెవరో చెప్పాలె. లేకుంటే ఆ పూట మళ్ళ కరోకే వాళ్ళకే. వాళ్ళు లైనుల ఉన్నరు."

అప్పుడు గుర్తొచ్చింది మా మేనమామ కూతురు సుజాత. చిక్కడపల్లిలో ఉంటుంది. ఫోన్ చేస్తే పగలబడి నవ్వింది. "వదినా, మా చిక్కడపల్లిల రాయి ఇసిరితే కళాకారునికి తగుల్తది. నువ్వొచ్చి ఏరుకో." శుక్రవారం పొద్దున బయలుదేరాను.

ఏడు దాటాక వచ్చే రైలుకు జనరల్ పెట్టెలో ఎక్కాను. హార్మోనియాన్ని దాని పాత టేకు పెట్టెలోనే తీసుకున్నాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుందని మా ఆయన స్టేషన్ దాకా నవ్వుతూనే వచ్చారు. ఆలేరులో ఎక్కిన ఒక అక్క ఆ పెట్టె మీద కాళ్ళు చాపుకుని, "కుట్టుమిషనా అక్కా?" అంది. హార్మోనియం అన్నాను. "అబ్బ, నా బిడ్డ మస్తు పాడ్తది. ఒక్క పాట ఇనుర్రి" అని ఫోను తీసింది. భువనగిరి నుంచి మౌలాలి దాకా ఆ బిడ్డ పాడుతూనే ఉంది. అదే మొదటి హెచ్చరిక, నేను గుర్తించలేదు.

సికింద్రాబాదులో దిగి కోఠి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చి పెట్టె వైపు చూశాడు. "దానికి లగేజీ టికెట్ తియ్యాలె అక్కా."

"మనిషికి ఫ్రీ కదన్నా?"

"మనిషికే. గది మనిషి కాదు గద."

పాడే గొంతు ఊరికే వస్తుంది, వాయిద్యానికే ఖర్చు అని ప్రభుత్వం కూడా తేల్చేసిందన్నమాట. చిల్లర ఇచ్చి కూర్చున్నాను. ఈ వైపు వచ్చేవాళ్ళకు ఒక మాట. మెట్రోలో వస్తే చిక్కడపల్లి స్టేషన్ ఉంది, చల్లగా దిగవచ్చు. హార్మోనియంతో మాత్రం బస్సే నయం, మెట్రో దగ్గర లిఫ్టు వెతుక్కునేసరికి ప్రాణం పోతుంది.

సుజాత ఇల్లు కూరగాయల మార్కెట్టు దాటాక ఒక సందులో, మూడో అంతస్తులో ఉంది. వేడివేడిగా పప్పుచారు, దొండకాయ వేపుడు పెట్టింది. నేను రెండో ముద్ద పెట్టుకోకముందే అడిగింది. "అయితే వదినా, మన బ్యాండ్‌ల నేనెన్ని పాటలు పాడాలె?"

"పాటలు నావి సుజాతా, నేనే పాడుకుంటా. నాకు వాయించేటోళ్ళు కావాలె."

"మరి నేనెందుకు రావాలె జనగామకు?"

"వినడానికి."

"ఊకెనే ఇనుడా?" అంది. నేనేదో ఉపవాసం ఉండమన్నట్టు చూసింది. అయినా మంచిది, నెయ్యి మాత్రం తగ్గించలేదు.

సాయంత్రం ఆరింటికి నన్ను ఒక హాలుకు తీసుకెళ్ళింది. చిక్కడపల్లిలో సాయంత్రమైతే ఏదో ఒక హాల్లో ఏదో ఒక సంగీత విభావరి ఉంటుంది. గుమ్మంలో రిజిస్ట్రేషన్ బల్ల. పాడదలచినవాళ్ళు అక్కడ రుసుము కట్టి, తమ ట్రాక్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, నంబరు తీసుకుంటారు. సుజాతకు పదకొండో నంబరు వచ్చింది. బల్ల దగ్గరాయన నన్ను కూడా, "మీ పెన్‌డ్రైవ్ మేడం?" అని అడిగాడు. నేను వినడానికి వచ్చానంటే పక్కనున్నవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

లోపల సగం హాలు నిండుగానే ఉంది. జరీ చీరలు, మెడలో కండువాలు. కాసేపటికి కిటుకు తెలిసింది. ఆ కూర్చున్నవాళ్ళందరూ తమ నంబరు కోసం ఎదురు చూస్తున్న గాయకులే. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు పెదవులు కదుపుతూ తమ పాట మననం చేసుకుంటారు. పాడినవారు దిగి, ఫొటో ఎలా వచ్చిందో చూసుకుని, ఇంటికి వెళ్ళిపోతారు, సుజాతతో సహా. కార్యక్రమం సాగేకొద్దీ హాలు ఖాళీ అవుతుంది. చివరి నంబరాయన నిష్ఠగా విషాదగీతం పాడితే విన్నవాళ్ళు సౌండు మనిషి, నేను, తాళాలు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు.

మధ్యలో సన్మానాలు కూడా ఉన్నాయి. సుజాత ఎవరి చెవిలో ఏం ఊదిందో గానీ, "జనగామ నుండి విచ్చేసిన ప్రముఖ సంగీత విదుషీమణి" అని మైకులో వినిపించింది. స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మనసులో కొంచెం పొంగాను కూడా, అబద్ధమెందుకు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఒకాయన మెల్లగా ఆ శాలువా కొస పట్టుకున్నాడు. "జర గిది ఇటియ్యండి మేడం, ఇంక ముగ్గురున్నరు." ఇచ్చేశాను. తర్వాతి విద్వాంసుడికి నా వేడి తగిలే ఉంటుంది.

ఇదంతా ఓర్చుకున్నది ఒక్క మనిషి కోసం. స్టేజీ మీద ఎడమవైపు తెల్ల లాల్చీ వేసుకుని, యాభై ఏళ్ళ మనిషి తబలా వాయిస్తున్నాడు. ఏం వేళ్ళు! ప్రతి పాటకూ దెబ్బ తప్పకుండా, తల ఊపుతూ, గాయకుల వైపు చిరునవ్వు విసురుతూ. దొరికాడు అనుకున్నాను. కార్యక్రమం అవగానే పరుగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. పేరు యాదగిరి, ఉండేది అంబర్‌పేట్‌లో.

"చాలా బాగా వాయించారన్నా. మా ఊళ్ళో ఒక సాయంత్రం వాయిస్తారా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను వాయించలే మేడం."

"నేను చూశాను కదా!"

"చూసిన్రు. ఇన్నరా?" అన్నాడు. "ట్రాక్‌ల ముందుగాలనే తబలా ఉంటది గద. నేను గూడ కొడితే డబల్ అయితది, పాడేటోళ్ళు పరేషాన్ అయితరు. అందుకే చర్మం దాక తెచ్చి ఆపాలె. మైకు గూడ లేదు, చూడుర్రి. ఫొటోల నిండుగ కనిపియ్యనీకి కూసోబెడ్తరు."

వంగి చూశాను. నిజమే, స్టాండు ఉంది గానీ దానికి మైకు లేదు. చర్మం మీద ఒక్క మరకైనా లేదు. ఇలా ఎన్నాళ్ళ నుంచి అంటే, ఇలాంటి హాళ్ళలో కొన్నేళ్ళుగా ఇదే పని అన్నాడు. దెబ్బ దిగకుండా ఆపడం మొదట్లో కష్టమైందట, ఇప్పుడు అలవాటైందట. చేతులు నొయ్యవు, రోజూ పని ఉంటుంది, భోజనం పొట్లం ఇస్తారు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో దిగులేం లేదు. నాకే కోపమొచ్చింది.

"మాకు మాత్రం నిజంగా వాయించాలన్నా. ట్రాక్ ఉండదు."

"నిజంగ వాయించాల్నా?" అన్నాడు. ఊకెనే ఇనుడా అన్న సుజాత గొంతుకూ ఈ గొంతుకూ ఏమీ తేడా లేదు. ఆలోచించి చెబుతానని నా నంబరు తీసుకున్నాడు. మనం చీటీ తీసుకుని మర్చిపోయే పద్ధతిలోనే తీసుకున్నాడు. ఆ పూట పరుపు మెత్తగానే ఉన్నా నాకు నిద్ర పట్టలేదు. ఉన్నది ఇక శనివారం ఒక్కటే.

పొద్దున బండి దగ్గర ఇడ్లీ తిని, పెట్టె మోసుకుంటూ నడిచే నారాయణగూడ చేరాను. దగ్గరే గానీ ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటడానికి గుండె కావాలి. అక్కడొక వాయిద్యాల దుకాణం ఉంది. పది దాటాక తీస్తారు, ముందు వెళితే మెట్ల మీద కూర్చోవాలి. దుకాణదారు పెద్దాయన, మాట నెమ్మది. నా గోడు విని, "ఇప్పుడు వాయిద్యాలు కొనేటోళ్ళున్నరమ్మా, గోడకు తగిలియ్యనీకి. వెనకాల వీడియోల కనిపియ్యాలె" అన్నాడు. అయినా ఇద్దరి సంగతి చెప్పాడు. ఒకరు కొత్తగా ఖరీదైన గిటారు కొన్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి వరుణ్. రెండోది, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ చదువుకునే అనిత అనే అమ్మాయి. "ఆ పిల్ల వారం వారం వస్తది. డోలక్ ముంగట నిలబడి చూస్తది. కొనదు, ముట్టదు. నమస్తే పెట్టి పోతది."

దుకాణదారు ఫోన్ చేస్తే వరుణ్ అక్కడే ఇరానీ హోటల్లో కలిశాడు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తనే ఇప్పించాడు, మర్యాదస్థుడు. పాటల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"ఆంటీ, బ్యాండ్ పేరేం అనుకుంటున్నరు?"

"ముందు మనుషులు దొరకాలి కదా బాబూ."

"పేరు లేకుంటే లోగో ఎట్ల అయితది? లోగో లేకుంటే పేజీ ఎట్ల పెడతం? ముందు ఒక ఫొటోషూట్ చేద్దం ఆంటీ. మీ హార్మోనియం ఓల్డ్ లుక్ మస్తుంటది. ప్రాక్టీస్ తర్వాత చూస్కుందం."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎన్ని పాటలు వచ్చు నాయనా అని అడిగితే మొదలుపెట్టినవి చాలా ఉన్నాయన్నాడు. ఎన్ని పూర్తి చేశావంటే బిస్కెట్టు ముంచుకున్నాడు. పెట్టె పక్కన నన్ను నిలబెట్టి ఒక ఫొటో తీసుకుని, అందులో తనూ దూరి, వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి అశోక్‌నగర్ చేరాను. ఈ పేట సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. ఇక్కడ ప్రతి గోడకూ కోచింగ్ సెంటర్ బ్యానర్, ప్రతి మలుపులో జిరాక్స్ దుకాణం, మెస్సు. ప్రతి మెట్టు మీద ఒళ్ళో పుస్తకంతో ఒక పిల్లో పిల్లగాడో కూర్చుని ఉంటారు. పల్లెల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో సర్దుకుని, సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు. మెస్సులో భోజనం పరవాలేదు, సాంబారు నీళ్ళగా ఉన్నా పప్పు ఎన్నిసార్లయినా వేస్తారు. నా పక్కన తింటున్న అబ్బాయి ఎడమచేత్తో నోట్సు తిప్పుతూ, "ఏ పోస్టుకమ్మా మీరు?" అని నన్నడిగాడు. నా వయసును అంత గౌరవించినవాళ్ళు ఈ మధ్య లేరు.

దుకాణదారు చెప్పిన గుర్తుల ప్రకారం జిరాక్స్ సెంటర్ పైనున్న ఆడపిల్లల హాస్టల్ దొరికింది. అనిత కిందికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పాలమూరు వైపు ఊరు. అమ్మానాన్నలు అంబర్‌పేట్ బస్తీలో ఉండి, కట్టే బిల్డింగుల్లో కూలిపని చేస్తారు. ఊళ్ళో భజనలో చిన్నప్పటి నుంచి డోలక్ ఆమెదే. ముందే చెప్పేసింది.

"నేను వాయించ అక్కా. పోయినసారి కొద్దిల పోయింది ఉద్యోగం. పుస్తకం మీద లేని ధ్యాస డోలక్ మీదెందుకని అమ్మ ఏడ్చింది. అమ్మ మీద ఒట్టు పెట్టుకున్న. ఉద్యోగం వచ్చేదాక డోలక్ ముట్ట."

నాకు పాట, ఆమెకు బతుకు. నా మొహం చూసిందో ఏమో, పోనీ పాట ఏంటో వినిపించమంది. వార్డెనమ్మ నాలుగింటికి స్టడీ అవర్ మొదలవుతుందని, అంతవరకే డాబా మీద చప్పుడుకు అనుమతి అని చెప్పింది. డాబా అంతా ఆరేసిన బట్టలు. పెట్టెలోంచి హార్మోనియం తీసి గట్టు మీద పెట్టి, గొడుగు పాట అందుకున్నాను.

*గొడుగు పోయిందని ఏడ్వలేదమ్మా*
*వాన తోడొచ్చింది ఇంటిదాకా*

రెండోసారి పల్లవి తిప్పేసరికి పక్కన దరువు పడింది. తిరిగి చూస్తే అనిత ఖాళీ టేకు పెట్టెను అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఒకవైపు అరచెయ్యి, ఒకవైపు వేళ్ళు. నేను ఆగిపోయాను.

"ఒట్టు?"

"డోలక్ ముట్టనన్న అక్కా. పెట్టె ముట్టనని అనలే" అంది. నవ్వలేదు, వాదన గెలిచిన వకీలు మొహం పెట్టింది. "కానీయుర్రి, నాలుగైతున్నది."

కానిచ్చాను. 'ఇంటిదాకా' అన్నచోట నేను ఎప్పుడూ తొందరపడి పై లైనుకు ఉరికేదాన్ని. ఈ అమ్మాయి అక్కడ చెయ్యి ఆపి నన్ను నిలబెట్టింది. ఆ కాస్త ఖాళీలో వాన వినిపించింది. అన్నేళ్ళుగా పాడుకుంటున్న పాట అంత బాగుందని నాకే తెలియదు. ఏడ్చాను, పాడుతూనే ఏడ్చాను. ఆరిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన పిల్లలు వాటిని గుండెలకు హత్తుకుని అలాగే నిలబడిపోయారు. ఒక్కరైనా, నేనూ ఒకటి పాడనా అనలేదు. చిక్కడపల్లి నుంచి ఇక్కడిదాకా నాకు దొరికిన మొదటి శ్రోతలు వాళ్ళు.

నాలుగింటికి వార్డెనమ్మ చప్పట్లు కొట్టి అందరినీ కిందికి తోలింది. అనిత పెట్టెను జాగ్రత్తగా నా చేతికిచ్చింది. "ఒక్క పూటకైతే వస్త. పొద్దున బస్సుకు వచ్చి రాత్రి బస్సుకు మళ్ళుత. నడుమల నాకు చదువుకోనీకి జాగ ఇయ్యాలె. ఇంకో పెట్టె తేవద్దు, దీని చప్పుడే మంచిగున్నది."

సుజాత ఇంటికెళ్ళి సెలవు తీసుకుని సికింద్రాబాదు బస్సెక్కాను. కండక్టర్ వేరే మనిషి, మాట మాత్రం అదే. లగేజీ టికెట్. ఈసారి నోరెత్తకుండా తీశాను. బ్యాండు సభ్యుల దారి ఖర్చులు బ్యాండే పెట్టుకోవాలి.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఘట్‌కేసర్ దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్. యాదగిరి.

"మేడం, ఇయ్యాల హాలుకు పోలే. పొద్దుగాల లేచి నిజంగ కొట్టి చూసిన. పక్కింటోళ్ళు వచ్చి ఏం పగిలిందని అడిగిన్రు. వేళ్ళు మొద్దుబారినయ్. నెల రోజులల్ల దారికొస్తయ్ అనుకుంట. మైకు ఇస్తరా మేడం?"

"ఇస్తాం అన్నా. మీకూ ఇస్తాం, పెట్టెకూ ఇస్తాం."

పెట్టె ఏంటని ఆయన అడిగేలోపు సిగ్నల్ పోయింది. ఈ యాత్రలో నాకు అర్థమైంది చెప్పాలంటే, ఆ పేటల్లో కళాకారులకు కరువు లేదు, సుజాత అన్నది నిజమే. రాయి విసిరితే తగులుతుంది. అయితే తగిలినవాడు అబ్బా అని అరవడు, మైకు ఇవ్వమంటాడు. అది యాదగిరి కూడా అడిగాడు. ఆయనకు మాత్రమే అడిగే హక్కుందని నాకనిపించింది.

రాయగిరి దగ్గర రాజలింగం సారు ఫోన్ చేశారు. రేపే ఆదివారం, ఆయనకూ తొందర ఉంది.

"ఎంతమంది దొరికిన్రు టీచరమ్మా?"

"నాతో కలిపి ముగ్గురం సార్."

"ముగ్గురేనా?" గడ్డం గోక్కుంటున్నారని తెలుస్తూనే ఉంది. "సరే, మాట ఇచ్చిన, ఆ పూట మీదే. గని స్టేజీ బోసిగ కనిపిస్తది. ఓ నలుగురికి తబలాలు, గిటార్లు ఇచ్చి ఊకెనే కూసోబెడుదమా? ఫొటోల నిండుగుంటది."

"కూసోబెట్టండి సార్," అన్నాను. "కాకపోతే స్టేజీ మీద కాదు, కింద కుర్చీలల్ల. మనకు వినేటోళ్ళు తక్కువున్నరు."